కంథ కుట్టిన చేతులు

‘కంథ’ అనే మాట తెలుగు పాఠకునికి అపరిచితం కాదు. బొంత అని నిఘంటువులు అర్థం చెబుతాయి. అయితే సాహిత్యంలో ఆ మాట వినబడగానే మనసులో మెదిలేది ఇంటి పడక కాదు, విరాగి భుజం. సంస్కృత వైరాగ్య కవిత్వంలో జీర్ణకంథ, భిక్షాపాత్ర జంటగా తిరుగుతాయి. ఉత్తరదేశపు సంతుల సంప్రదాయంలో అదే వస్తువు ‘గుదడీ’ అయినది. గుదడీలో దాగిన మాణిక్యమన్న నానుడి హిందీవారి నోట నేటికీ ఉన్నది. కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్యచరితామృతంలో ఒక ఘట్టం ప్రసిద్ధం. సర్వం త్యజించి కాశీ చేరిన సనాతన గోస్వామి ఒంటిమీద విలువైన భోట కంబళి ఒకటి మిగిలిపోయినది. చైతన్యుని చూపు పదేపదే దానిమీద పడుతూండడం అతడు గమనించాడు. గంగ ఒడ్డున తన చిరుగు కంథను ఉతికి ఆరవేసుకుంటున్న గౌడదేశపు యాత్రికుడొకడు కనిపించగా, కంబళి వానికిచ్చి ఆ కంథను పుచ్చుకున్నాడు. వైష్ణవ లోకం ఈ కథను త్యాగానికి దృష్టాంతంగా నాలుగు శతాబ్దులుగా చెప్పుకుంటున్నది. ఆ కంథను ఎవరు కుట్టారో మాత్రం ఎవరూ అడిగినట్లు లేదు. ఆ గౌడ యాత్రికుని తల్లి కావచ్చు, భార్య కావచ్చు. కప్పుకున్నవాడు సాహిత్యంలో నిలిచాడు, కుట్టినది నిలవలేదు.

వంగదేశపు కాంథాను గూర్చి ఆలోచించేవారికి ఈ ఉపేక్షయే మొదటి సమస్య.

అది తయారయ్యే తీరు చూస్తే అందులో కొత్తగా కొన్నది దాదాపు ఏమీ ఉండదు. కట్టి కట్టి మెత్తబడిన నేత చీరలు, ధోవతులు మూడో నాలుగో పొరలుగా నేలమీద పరుస్తారు. మధ్యలో దూది ఉండదు. ముడుతలు లేకుండా లాగి, అంచులమీద బరువులు పెట్టి, ముందుగా టాకాలు వేసి పొరలను ఒకటిగా నిలుపుతారు. పెద్ద కంథకు ఈ పని ఒక్కరివల్ల కాదు. నాలుగు కొసలకు నలుగురు కూర్చోవలసినదే. దారం కూడా పాత చీర అంచులనుండి ఒక్కొక్క పోగుగా లాగినదే. అందువల్ల పాత కంథలలో ఎరుపు, నీలం, నలుపు వంటి అంచు రంగులే ఎక్కువ. కుట్టు అతి సామాన్యం. సూది గుడ్డలో మునుగుతూ తేలుతూ ముందుకు సాగిపోతుంది, అంతే. దానిని ‘ఫోడ్’ అంటారు. ఈ ఒక్క కుట్టుతోనే బొమ్మ అంచు గీస్తారు, కడుపు నింపుతారు, బొమ్మకూ బొమ్మకూ మధ్యనున్న తెల్లని నేలనంతా కప్పుతారు. ఆ నేలమీది కుట్లే కంథకు ప్రాణం. దారం బిగువుకు గుడ్డ సన్నగా ముడుచుకొని, గాలికి కదిలిన చెరువు నీటివలె అలలు తేలుతుంది. రాజశాహీ ప్రాంతంలో ఆ అలలనే ప్రధానం చేసి కుట్టిన దానికి ‘లహరీ కాంథా’ అని పేరు.

పేర్లు ఇంకా ఉన్నాయి. చలికి కప్పుకునేది లేప్. అతిథికి పరిచేది సుజనీ. అద్దం, దువ్వెన చుట్టిపెట్టేది ఆర్శిలతా. పుస్తకాలకూ విలువైన వస్తువులకూ చుట్టేది బయ్‌తన్. నడుమ పద్మం, నాలుగు మూలల నాలుగు చెట్లు, వాటి నడుమ ఏనుగు, చేప, రథం, పల్లకి, చేట, అడకత్తెర, కాటుకభరిణె. అంచులలో వరికంకి, తేలు, కన్ను. దేవుని రథం పక్కనే అడకత్తెరను అంత పరిమాణంలోనే కుట్టడానికి ఆ స్త్రీలు వెనుదీయలేదు.

ఈ పనికి వేళ మధ్యాహ్నం. వంట ముగిసి, మగవారి భోజనాలై, మళ్ళీ పొయ్యి రాజేసేలోపల దొరికే ఆ కొద్దిసేపు. అందులోనూ వర్షాకాలంలో నీరు ఊరిని చుట్టుముట్టినప్పుడు, పొలం పనులు లేనప్పుడు. అత్తా కోడలు, తోడికోడళ్ళు, పొరుగింటి వయసువారు ఒక వసారాలో చేరతారు. రోజుకు జానెడు మేర సాగితే చాలు. అందువల్ల ఒక కంథ పూర్తికావడానికి నెలలు పట్టేది. కొన్ని ఏళ్ళు పట్టేవి. అమ్మమ్మ మొదలుపెట్టినది మనుమరాలు ముగించినవీ ఉన్నాయని వంగీయులు చెప్పుకుంటారు. ఇంత దీర్ఘకాలం సాగే పనిలో కథలు, పాటలు, ఫిర్యాదులు, పెళ్ళి సంబంధాలు అన్నీ సూది వెంట నడుస్తాయి. ఒకామె వేసిన నెమలిని చూసి మరొకామె తన కంథలో అలాటిదే వేస్తుంది, కాని ముఖం అటు తిప్పుతుంది. మాదిరి కాగితం లేదు, గురువు లేడు. చూపులతో, మాటలతో, సరదా పోటీలతో ఒక శైలి ఊరూరికీ పాకినది. దీనిని స్నేహంవల్ల పుట్టిన కళ అనడం అతిశయోక్తి కాదు.

విమర్శకులు ఈ విషయాన్ని కొంత తక్కువగా చూశారు. ఐ.సి.ఎస్. అధికారిగా జిల్లాలు తిరుగుతూ గురుసదయ దత్తు (1882–1941) సేకరించిన కంథలే నేడు కలకత్తా సమీపాన జోకాలో ఆయన పేరిట వెలసిన ప్రదర్శనశాలకు కీర్తి. ఆయన దృష్టి జాతీయమైనది. పల్లె చేతులలో వంగజాతి ఆత్మను చూశాడు. కలకత్తా విశ్వవిద్యాలయంలో చాలాకాలం బోధించిన స్టెల్లా క్రామ్‌రిష్ 1939లో కంథపై వ్రాసిన వ్యాసం ఈ రంగంలో నేటికీ మేటి. చినిగిన ముక్కలు చేరి తిరిగి పూర్ణమవడంలో ఆమె ఒక తాత్త్విక క్రియను దర్శించినది. నడిమి పద్మాన్ని ముగ్గుతో, వ్రతాలతో కలిపి చదివినది. ఆ వ్యాఖ్య లోతైనది. కాని ఆ లోతులో పద్మం దక్కినంతగా అడకత్తెర దక్కలేదు. రైలుబండి, టోపీ పెట్టిన దొర, బందూకు పట్టిన సిపాయి పంతొమ్మిదో శతాబ్దపు కంథలలో కనిపిస్తారు. వారికి ఏ వ్రతమూ లేదు. మధ్యాహ్నపు కబుర్లలో ఎవరో చెప్పగా విన్న వింతలు దారంలో దిగాయని అనుకోవడం సులభం.

ఇక కవి వద్దకు రావాలి. ఫరీద్‌పూర్ జిల్లావాడైన జసీముద్దీన్ (1903–1976) 1929లో ప్రకటించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ వల్లనే కంథ అనే వస్తువు వంగ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచినది. అవనీంద్రనాథ ఠాకూరు దానికి ముందుమాట వ్రాశాడు. ఇ. ఎం. మిల్‌ఫోర్డ్ 1939లో ఆంగ్లీకరించినది. అనువాదకులకు ఆ పేరే పరీక్ష. ఆంగ్లంలోని ‘క్విల్ట్’ అనగానే దూదిపరుపు స్ఫురిస్తుంది, అది కంథ కాదు. తెలుగుకు ఈ బాధ లేదు. ‘కాంథా’ మనకు కంథ. ‘నక్షీ’కి తోబుట్టువు మన ‘నగిషీ’. ‘నగిషీ కంథ పొలం’ అంటే మాటలన్నీ ఇంటివే.

కథ చిన్నది. రూపాయి, సాజు ప్రేమించి పెళ్ళాడారు. పంట విషయమై జరిగిన కొట్లాటలో చిక్కుకొని రూపాయి ఊరు విడిచి పారిపోయాడు. సాజు ఎదురుచూస్తూ తన బ్రతుకంతా ఒక కంథపై కుట్టినది. మరణకాలంలో దానిని తన సమాధిపై పరచమని తల్లిని కోరినది. చాలాకాలానికి ఒక తెల్లవారుజామున ఆ సమాధి పక్కన, కంథ కప్పుకొని, పరదేశి ఒకడు చనిపోయి పడి ఉండడం ఊరు చూసినది. ఆ పొలానికి ఆనాటినుండి ఆ పేరు.

ఈ కావ్యం సాధించిన మేలు గొప్పది: కంథను విరాగి భుజంపైనుండి దించి, కుట్టిన స్త్రీ ఒడిలో తిరిగి పెట్టినది. అయితే దాని ప్రభావంవల్ల కంథ అనగానే ఏకాంత విరహిణి మనసులో నిలిచిపోయినది. తరువాతి నాటకాలు, చిత్రాలు, అంగడి ప్రకటనలు అన్నీ ఆ ఒంటరి మూర్తినే పట్టుకున్నాయి. కావ్యాన్ని శ్రద్ధగా చదివినవారు మరొకటి గమనిస్తారు. సాజు ఆ కంథను దుఃఖంలో మొదలుపెట్టలేదు. మొదలుపెట్టిన రోజున మగడు పక్కనే ఉన్నాడు. అతడు పిల్లనగ్రోవి ఊదుతుంటే ఆమె కుట్టుకున్నది. తోడులో ఆరంభమైన పని తోడు పోయిన తరువాత కూడా ఆగలేదు. ఆ కావ్యపు బాధ అంతా ఈ తేడాలోనే ఉన్నది. కలిసి కూర్చొని చేయవలసినదానిని ఒంటిగా చేయవలసి రావడం ఎంత క్రూరమో, ఆ పల్లెల మధ్యాహ్నాలు ఎరిగిన పాఠకునికే పూర్తిగా తెలుస్తుంది. తెలియనివాడు దానిని వట్టి విరహకావ్యంగా చదివి ఊరుకుంటాడు.

అలాగని కంథ అంతా పేరులేని సామూహిక సృష్టి అని తీర్మానించడం కూడా తొందరపాటే. జోకాలోని సంగ్రహంలో మానదాసుందరి అనే స్త్రీ తండ్రికోసం కుట్టిన కంథ ప్రఖ్యాతమైనది. సిపాయిలు, దొరలు, దేవతలు కిక్కిరిసిన ఆ గుడ్డపై ఆమె తన పేరును, తండ్రికి సమర్పణను దారంతోనే వ్రాసుకున్నది. బాలికకు అక్షరం నేర్పితే వైధవ్యం ప్రాప్తిస్తుందన్న భయం వంగదేశంలో గట్టిగా ఉన్న శతాబ్దమది. స్నేహితుల నడుమ కూర్చొని కుట్టినంతమాత్రాన చేయి తనదికాకుండా పోలేదని ఆ అక్షరాలు చెబుతున్నాయి.

1947 దేశవిభజనతో జెస్సోరు, ఖుల్నా, ఫరీద్‌పూర్, రాజశాహీ వంటి కంథకు నెలవైన సీమలు ఎక్కువభాగం సరిహద్దుకు ఆవల ఉండిపోయాయి. ఇటు శాంతినికేతన వర్గం కంథ కుట్టును కొత్త బట్టమీదికి తెచ్చినది. అటు 1971లో బంగ్లాదేశ్ అవతరించిన తరువాత, యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న స్త్రీలకు జీవనోపాధిగా కుట్టుపని తిరిగి లేచినది. 1980ల నుండి ఢాకా చిత్రకారిణి సురయ్యా రహమాన్ గీసిన పెద్ద పెద్ద కంథాచిత్రాలను అనేకమంది పేద స్త్రీలు కుట్టారు. 2018లో ఆమె గతించేనాటికి అవి దేశాంతరాలలో గోడలకెక్కాయి. పట్టుచీరలపై కంథ పని నేడు తెలుగు నగరాల అంగళ్ళలో కూడా దొరుకుతున్నది. పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు స్థలానికి, చేతికి కాదు.

ఇక్కడ విమర్శకుడు మొహమాటపడకూడదు. కూలి వచ్చినది, అది చిన్న విషయం కాదు. మధ్యాహ్నపు ఊసుపోక అని ఇంటివారు తేలికచేసిన పని బిడ్డను బడికి పంపినది. కాని గీత ఒకరిది, కుట్టు మరొకరిది అయినది. రేపు ఈ మూల చేప వేయాలా, పల్లకి వేయాలా అన్న నిర్ణయం వసారానుండి కార్యాలయానికి పోయినది. గుడ్డ కొత్తది, గడువు నిర్ణీతం, ముక్కకింత అని లెక్క. పక్కనున్న ఆమె నెమలిని చూసి ముఖం అటు తిప్పే స్వేచ్ఛకు ఆ లెక్కలో చోటులేదు. పాతదాన్ని మెచ్చుకునేవారు కూలిని మరుస్తారు; కూలిని మెచ్చుకునేవారు ఈ స్వేచ్ఛను మరుస్తారు.

బీహారులో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామపు సుజనీ ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. అక్కడ పూర్వం పుట్టిన బిడ్డకోసం పాత చీరలను కలిపి కుట్టేవారు. 1980ల చివర అది ఉపాధిగా పునరుద్ధరింపబడినది. అక్కడా గీసేవారు కొందరు, కుట్టేవారు ఎక్కువమంది. నల్లని గొలుసుకుట్టుతో బొమ్మ అంచు, నేలనిండా సాదా కుట్టు. అయితే బొమ్మలలో పద్మాలు తగ్గి, వరకట్నం, తాగివచ్చి కొట్టే మగడు, ఆడశిశువు హత్య, ఎన్నికల గుడారం చోటుచేసుకున్నాయి. ఇవి ఆ స్త్రీలు కుడుతూ కూర్చొని చెప్పుకున్న సంగతులే. కొనేవారికి రుచిస్తాయా లేదా అన్న విచారం ఉన్నా అవి గుడ్డమీదికి ఎక్కాయి. ఒక చీరపొరపై ఘూంఘట్‌లో ఉన్న కోడలు. ఆ పక్కనే సభలో నిలిచి మాట్లాడుతున్న స్త్రీ. ఇద్దరి ముఖాలూ ఒకే తీరుగా ఉంటాయి, చుట్టూ ఒకే తెల్లని కుట్లు అలలుగా సాగుతుంటాయి. ఒకరే రెండుసార్లా, ఇద్దరా అన్నది కుట్టినవారు చెబితే తప్ప తెలియదు.