యేసు నామమున మొదలైన ఒక పాఠపు పుస్తకము



పట్టణములలో పిల్లలును పెద్దలును రుసుము చెల్లించి, ఉపాధ్యాయుని యింటికి వెళ్లి పియానో, కీబోర్డు నేర్చుకొనుచున్నారు. తమ బిడ్డనుకూడ పంపి, గుడిలో వాయింపజేయవలెనని కోరు తలిదండ్రులు మన పల్లె సంఘములలోను కలరు. అట్టి పాఠము ఎట్లుండవలెను? దానికి కొలతగా ఒక పాత పుస్తకమును మీ యెదుట ఉంచుచున్నాను.

1720వ సంవత్సరము జనవరి 22వ తేదీన, జర్మనీలోని కోటెన్ పట్టణమున, రాజాస్థాన సంగీత నాయకుడైన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ తన పెద్ద కుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమన్ కొరకు దీనిని ప్రారంభించెను. బాలునికి అప్పుడు తొమ్మిదేండ్లు. ఆ నాటికి పియానో యింకను క్రొత్త వాద్యము. ఈ పాఠములు అంతకు ముందున్న మెట్ల వాద్యములకు వ్రాయబడినవి. అయినను నేటి పియానో విద్యార్థులు వీటిలో అనేకము వాయించుచున్నారు.

మొదట స్వరముల గుర్తులు, పిమ్మట అలంకారముల పట్టిక, తరువాత ఎనిమిదే తాళఖండములు గల చిన్న అభ్యాసము. దాని పైని మూడు లాటిన్ అక్షరములు గలవు. వాటి భావము "యేసు నామమున" అని. క్రింద స్వరములకు వ్రేళ్ల అంకెలు. చదువరీ, ఇది గమనింపుము. పైన ప్రభువు నామము, క్రింద వ్రేళ్ల అంకెలు. భక్తి యున్నది గనుక వ్రేలు ఎటు పడినను సరేయని ఆ తండ్రి తలంపలేదు. మనలో కొందరు అట్లే తలంచుచున్నారు.

రెండవ మేలు ఎడమచేతిని గూర్చినది. మన హార్మోనియములో ఎడమచేయి తిత్తిని ఊదుటకే సరిపోవును. ఈ పుస్తకములోని పదునైదు రెండు స్వరమార్గముల రచనలలో కుడిచేయి పాడిన దానినే ఎడమచేయియు పాడును. ఒకటి పలుకుచుండగా రెండవది వినుచు జవాబిచ్చును. యజమానియు దాసుడును లేరు. బటను నొక్కి, యంత్రపు తాళముతో సంఘపు గొంతును ముంచివేయు వాయింపునకు ఇది మంచి మందు.

లోపములును చెప్పవలెను. కుడిచేయి పైకెక్కునప్పుడు నడిమి వ్రేలు, ఉంగరపు వ్రేలు మార్చి మార్చి వాడుమనుట పాత పద్ధతి. నేడు బొటనవ్రేలిని క్రిందుగా దాటింతురు. మరియు మెట్టు మెట్టుగా గాక, పాఠములు త్వరలోనే నిటారుగా ఎక్కును. ప్రక్కన కూర్చుండి చూపువాడు లేనిదే ఈ పుస్తకము మూసిన తలుపే. పుస్తకము కొన్నంత మాత్రమున పాఠము కాదు. ఓర్పుగల మనుష్యుడు కావలెను.

ప్రారంభమైన ఆరు నెలలకే, జూలైలో, ఆ బాలుని తల్లి మరణించెను. ఆ తరువాతను పుటలు నిండుచు వచ్చెను. దుఃఖపు ఇంటిలోను పాఠము ఆగలేదు. తరువాత 1722లోను 1725లోను తన రెండవ భార్యయైన అన్నా మగ్దలేనా కొరకు బాఖ్ మరి రెండు పుస్తకములు ప్రారంభించెను. ఆమె అప్పటికే ఆస్థాన గాయని. కావున నేర్చుకొనుటకు వయసు దాటినదని ఎవరును అనరాదు.

ఆ కుమారుడు గొప్ప ఆర్గన్ వాద్యకారుడయ్యెను. అయినను 1784లో బెర్లిన్ నగరమున బీదవాడై మరణించెను. గనుక పాఠమును ధనలాభముతో కొలువకుడి. తలిదండ్రులారా, ఉపాధ్యాయుని ఈ మాటలే అడుగుడి: నా బిడ్డ వ్రేళ్లను చూచెదవా? ఎడమచేతికి పని చెప్పెదవా? పాడువారి గొంతును వినుచు వాయించుట నేర్పెదవా? సంఘపెద్దలారా, ఒక బీద బిడ్డ రుసుమును సంఘనిధి నుండి చెల్లింపుడి. బల్లపై కీబోర్డు కొని పెట్టి, నేర్పువానిని మరచుట సగము పని.

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3:17 తెరచి చదువుకొనుడి. అపొస్తలుడు చెప్పిన ఆ సమస్త కార్యములలో మన బిడ్డల పది వ్రేళ్లును చేరియున్నవి.