దూరాల పట్టికలు చెప్పని సంగతి

అట్లాసుల చివరి పేజీలలోను, సామాన్య విజ్ఞాన పుస్తకాలలోను నగరాల మధ్య విమాన దూరాల పట్టికలు కనిపిస్తుంటాయి. కొన్నింటిలో ప్రయాణకాలం కూడా ఉంటుంది. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వంటి ఒకే వేగంతో భాగించి వేసిన అంకె అది. విద్యార్థులు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాస్తారు. ఈ పట్టికలలో దూరం సాధారణంగా సరైనదే. అనుమానించవలసింది కాలాన్నే.

ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కో నగరాలనే తీసుకుందాం. వీటి మధ్య దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. ఇది భూగోళం మీద అతి దగ్గర దారి, అంటే మహావృత్తంలో ఒక చాపం. గోడకు వేలాడే ప్రపంచ పటంలో ఈ దారి తెలియదు. గ్లోబు మీద దారం బిగించి చూడండి. అది టిబెట్, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఈ దూరాన్ని 900తో భాగిస్తే దాదాపు 14 గంటలు వస్తుంది.

మరి వాస్తవం ఏమిటి? ఎయిరిండియా 2015 డిసెంబరులో ఈ నగరాల మధ్య ఎక్కడా ఆగని సర్వీసును ప్రారంభించింది. మొదట విమానాలు పడమరగా, అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్లు వెళ్లేవి. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు నడిపారు. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణకాలం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలయింది! లెక్క వేస్తే పడమర దారిలో సగటు వేగం గంటకు సుమారు 840 కిలోమీటర్లు, తూర్పు దారిలో 1,055. ఈ తేడాకు ముఖ్య కారణం గాలి.

మధ్య అక్షాంశాలలో, 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలు వీస్తుంటాయి. 1920లలో జపాన్ శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి వీటిని పరిశీలించాడు. చలికాలంలో వీటి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. గాలి తోడుంటే ఆ వేగం విమానానికి కలిసి వస్తుంది, ఎదురైతే తగ్గిపోతుంది.

విచిత్రమేమిటంటే, ఏటివాలున, ఏటికి ఎదురుగా పోయే పడవల లెక్కలు మన గణిత పుస్తకాలలోనే ఉన్నాయి. పడవకు చెప్పిన సూత్రాన్ని విమానం దగ్గరికి వచ్చేసరికి పట్టిక తయారుచేసినవారు మరచిపోతున్నారు. తూర్పుకు వెళ్లినా పడమరకు వెళ్లినా ఒకే అంకె చూపితే, "రాకపోకల సమయాలలో తేడా ఎందుకు?" అని అడిగే విద్యార్థికి జవాబు దొరకదు. పైగా, ప్రశ్న వేయడమే తప్పనిపిస్తుంది.

ఇంధనం ఖర్చు కూడా కిలోమీటర్ల కంటే గాలిలో గడిపిన గంటల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే పైలట్లకు ఏ రోజు దారిని ఆ రోజు గాలులను చూసి నిర్ణయిస్తారు. పర్వతాలు, ఇతర దేశాల గగనతల అనుమతులు కూడా లెక్కలోకి వస్తాయి.

కాబట్టి పట్టికలో దూరం ఒకటి ఇచ్చినా, పోవడానికి, రావడానికి కాలాలు వేరువేరుగా ఇవ్వాలి. అవి రుతువును బట్టి మారే సగటు అంకెలని కింద ఒక వాక్యం రాయాలి. అంతవరకు, అలాంటి పట్టిక మీ చేతికి వస్తే ముందుగా ఒక్కటి అడగండి: ఇది ఏ దిశలో ప్రయాణం?