నాపబండ మీద పులి

బేతంచెర్ల నాపరాళ్ళో, కడప నల్లబండలో పరిచిన ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు ఆటబల్ల కొనాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఒక సుద్దముక్క దొరికితే చాలు. అదీ లేకుంటే పొయ్యిలోని బొగ్గు. ఎండాకాలం మధ్యాహ్నం బయట కాలు పెట్టే వీలుండదు కాబట్టి, చల్లగా ఉన్న ఆ బండ మీద బోర్లా పడుకుని గీతలు గీసేవాళ్ళం. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. దీన్నే పులిజూదమంటారు, పులి-మేక ఆట అని కూడా అంటారు. తమిళులకు ఇది ఆడు పులి ఆట్టం, కన్నడిగులకు ఆడు హులి ఆట.

ముందు ఆ గీతలను ఒకసారి జాగ్రత్తగా చూద్దాం. పనితనమంతా వాటిలోనే ఉంది. పెద్ద త్రికోణం ఒకటి గీస్తాం. శిఖరం నుంచి అడుగు గీత దాకా లోపల మరో రెండు గీతలు దించుతాం. ఇప్పుడు శిఖరం నుంచి దిగే గీతలు నాలుగయ్యాయి. వాటికి అడ్డంగా మూడు గీతలు, రెండు పక్కలా త్రికోణం దాటి బయటికి వచ్చేలా లాగి, ఆ కొసలను అటూ ఇటూ నిలువు గీతలతో కలుపుతాం. గీతలు కలిసే చోట్లు శిఖరాన ఒకటి, ఒక్కో అడ్డగీత మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు. మొత్తం 23.

పులులు మూడు, మేకలు పదిహేను, అంటే కాయలు 18. ఒక్క మేకా పోకుండా అన్నీ దిగాయంటే బల్ల మీద మిగిలే ఖాళీలు ఐదే. పులికి బలమూ ఆకలీ ఉన్నాయి గానీ, మేక అవతల ఖాళీ చోటు ఉంటేనే దాని మీదుగా దూకి తినగలదు. మేక ఎవరినీ తినలేదు. ఒకదాని వెనక ఒకటి నిలబడి దారి మూయడమే దానికి తెలిసిన విద్య. పులి అన్నం ఖాళీలో ఉంది, మేక ప్రాణం పక్క మేకలో ఉంది. ఆట మొత్తానికి ఒప్పందం ఇదొక్కటే.

గీతల్లో ఇంకో చమత్కారం ఉంది. పులి గీత వెంట నేరుగానే దూకాలి కాబట్టి, గీతలన్నీ ఆగిపోయే కొసన కూర్చున్న మేకను అది ఏమీ చేయలేదు. అలాంటి చోట్లు బల్ల మీద ఏడున్నాయి. శిఖరం, పక్కగీతల కొసలు నాలుగు, అడుగు మూలలు రెండు. కొత్తగా ఆడేవాడు మేకలన్నిటినీ ఆ మూలల్లో దాచాలని చూస్తాడు. అక్కడ ప్రాణం దక్కుతుంది గానీ పులి మాత్రం కట్టుబడదు. నడుమ ఖాళీ అంతా దానిదే అవుతుంది. గెలవాలంటే ఎవరో ఒకరు మూల వదిలి ప్రమాదంలోకి రావాలి. ఎప్పుడు రావాలి, ఎవరి అండతో రావాలి అన్నదే నేర్పు.

మా ఊరి రచ్చబండ మీద గొర్రెలు కాసే ఒక పెద్దాయన మేకల వైపే కూర్చునేవాడు. పులుల వైపు ఆడమంటే నవ్వేవాడు. నేను తొందరపడి ఒక మేకను ముందుకు జరిపితే, పులి వైపు వాడికంటే ముందు ఆయనే చూసేవాడు.

"అబ్బీ, దాని ఎనక ఎవురున్నారు?"

వెనక్కి చూస్తే ఖాళీ. అప్పటికే పులి దూకేది. ఆ ప్రశ్నను మించిన పాఠం ఆ ఆటకు లేదు. ఇది బల్ల మీది మాట మాత్రమే కాదు. నల్లమల అంచు ఊళ్ళలో మంద తోలుకుపోయేవాళ్ళకు వెనకబడ్డ మేక అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ ఆటనే కొంచెం దూరం తీసుకుపోదాం. నేపాల్‌లో దీని చుట్టం పేరు బాఘ్ చాల్. అక్కడ త్రికోణం లేదు. చదరపు బల్ల, 25 చోట్లు, నాలుగు మూలల్లో నాలుగు పులులు, ఇరవై మేకలు. చూపుకు రెంటికీ పోలికే లేదు. లెక్క వేసి చూడండి. అక్కడ మేకలన్నీ ప్రాణాలతో దిగితే మిగిలే ఖాళీ ఒక్కటే. బల్ల మారినా, అంకెలు మారినా ఇరుకు అలాగే ఉంది. పులి దూకితే మేకకు చావు, చుట్టూ మూసేస్తే పులికి ఓటమి. మన దగ్గరా పద్ధతులు ఊరూరికీ మారతాయి. ఒకచోట పులులను ముందే కూర్చోబెడతారు, ఇంకోచోట మేకలతో పాటు వంతులవారీగా దింపుతారు. ఎన్ని మేకలు పోతే ఓటమి అన్నదీ ఆడేవాళ్ళే మాట్లాడుకుంటారు. అయినా కొత్త ఊరికి పోయి కూర్చుంటే, రెండెత్తుల్లో మన ఆటే అని తెలిసిపోతుంది.

ఏది మార్చినా ఆట ఆటగానే ఉంటుంది, ఏది మార్చకూడదు? వీడియో గేములు తయారుచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి తలపట్టుకునేది సరిగ్గా ఇక్కడే. టీవీకి తగిలించి, క్యాసెట్ ఊది పెట్టి ఆడిన మారియోను మా తరం మరిచిపోలేదు. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో మీట ఎంతసేపు నొక్కి ఉంచితే మారియో అంత ఎత్తు ఎగిరేవాడు. 1996లో 'సూపర్ మారియో 64' వచ్చేసరికి ఎడమ నుంచి కుడికి సాగే బల్లపరుపు లోకం పోయింది, చుట్టూ తిరిగి చూడగల లోకం వచ్చింది. జెండా దాకా పరుగు పోయి, నక్షత్రాలు ఏరుకోవడం వచ్చింది. ఇంత మార్చినా ఆట ప్రాణం దూకడంలోనే ఉంచారు. గాల్లోకి లేచిన ఆ క్షణంలో ఆడేవాడి వేలికి పాత చుట్టం తగిలాడు. మన పులీ అంతే. అది దూకే పద్ధతి మార్చనంతవరకూ బల్ల ఎన్ని కోణాలకు తిరిగినా ఫరవాలేదు.

హంపి మండపాల నేల మీద చెక్కిన ఆటబల్లలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాతి నుంచి సుద్దగీతకు, సుద్దగీత నుంచి అట్టపెట్టెకు, అక్కడి నుంచి ఫోను తెర మీదికి ఆట నడిచొచ్చింది. తెర మీద పులి గాండ్రించినా, మేక అరిచినా నాకు అభ్యంతరం లేదు. రంగులు పూయండి, సంగీతం పెట్టండి. కానీ చచ్చిన మేకను వెనక్కి తెచ్చే మీట ఇస్తే మాత్రం ఆట చేయి జారిపోతుంది. వెనక ఎవరున్నారో చూసుకోవాల్సిన పని లేనప్పుడు, ఆ పదిహేను గింజలూ వట్టి చింతగింజలే.

ఈ సెలవులకు పిల్లలు ఇంటికొస్తే ఫోను లాక్కోకండి. పక్కన బండ మీద త్రికోణం ఒకటి గీయండి. పులులు కావాలని వాళ్ళు ఎగబడతారు. మీరు మాత్రం మొదటి ఆట మేకల వైపే కూర్చోబెట్టండి.