ఒకే హీరో, ఎదురెదురు కుర్రాళ్లు

2022 మే 15, బ్యాంకాక్. బ్యాడ్మింటన్ థామస్ కప్ ఫైనల్లో మనవాళ్లు ఇండోనేషియాను 3-0తో ఓడించారు. మొదటి పాయింటు లక్ష్యసేన్‌ది. రెండోది అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబై జోడీదారు చిరాగ్ శెట్టితో కలిసి తెచ్చాడు. మూడోదాన్ని రావులపాలెంలో పుట్టిన కిడాంబి శ్రీకాంత్ అందుకున్నాడు. ఆ రెండు ఊళ్లూ ఉన్న కోనసీమ జిల్లా ఏర్పడి అప్పటికి ఆరు వారాలైనా నిండలేదు.

సాత్విక్, శ్రీకాంత్ ఇద్దరూ హైదరాబాద్‌లో పుల్లెల గోపీచంద్ దగ్గర రాటుదేలినవాళ్లే. 2001 మార్చిలో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచేనాటికి శ్రీకాంత్‌కు ఎనిమిదేళ్లు, సాత్విక్‌కు ఏడు నెలలైనా లేవు. గురువు ఒక్కడే అయినా ఆటల్లో పోలిక వెతికితే దొరకదు. శ్రీకాంత్ మాట తక్కువ మనిషి, నెట్ మీదికి దూసుకొచ్చి మణికట్టుతో పని కానిస్తాడు. సాత్విక్ వెనకనుంచి ఎగిరి కొడితే కాక్ కంటికి ఆనదు. జపాన్‌లో కొలిచిన అతని స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు, 2023లో గిన్నిస్‌కెక్కింది. శ్రీకాంత్ కూడా మొదట్లో డబుల్సే ఆడేవాడు. అతన్ని సింగిల్స్‌కు మళ్లించింది గోపీచందే. సాత్విక్ మాత్రం డబుల్స్‌లోనే పెరిగి, 2023లో చిరాగ్‌తో కలిసి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

ఒకే మనిషి నీడలో ఇద్దరు రెండు రకాలుగా ఎదగడం క్రీడాకథలకు మంచి ముడిసరుకు. జపాన్ వాళ్ల యానిమేషన్, అంటే యానిమే, దాన్ని ఒక పద్ధతిగా మార్చుకుంది. ఆ పద్ధతి బాగా తెలియాలంటే 'పింగ్ పాంగ్' చూడాలి. తాయో మత్సుమొతో 1996లో మొదలుపెట్టిన బొమ్మల కథను మసాకి యుఆసా 2014లో సిరీస్‌గా తీశాడు.

అందులో పెకో అనే గడుసు పిల్లాడు టేబుల్ టెన్నిస్‌లో తిరుగులేనివాడు. వాణ్ని చూస్తూ ఇద్దరు పెరుగుతారు. స్మైల్‌కు చెయ్యి పెడితే ఆట వస్తుంది, కానీ ఎదుటివాడి మొహం వాడితే చాలు, కావాలని తగ్గుతాడు. అకుమాకు అంత చెయ్యి లేదు, చూపు కూడా అంతంతమాత్రం. వాడికున్నది పంతం. పెకో ఆటను కంఠతా పట్టి, రాత్రింబవళ్లు సాధన చేసి, చివరికి పెకోనే ఓడిస్తాడు. ఆ ఊపులో స్మైల్ మీదికి వెళ్లి చిత్తుగా ఓడిపోతాడు. ఇంత కష్టపడిన నాకు రానిది, పట్టింపే లేని నీకెలా వచ్చిందని అడిగితే, స్మైల్ ఇచ్చే జవాబులో కోపమూ ఉండదు, జాలీ ఉండదు. నా లెక్కలో సిరీస్ మొత్తానికి గుండెకాయ ఆ ఘట్టమే.

ఇక్కడ పనితనం ఏమిటంటే, హీరో ఎలాంటివాడో కథకుడు తిన్నగా చెప్పడు. ఇద్దరి జ్ఞాపకాల్లోంచి చూపిస్తాడు. స్మైల్‌కు పెకో అంటే, చిన్నప్పుడు తనను అలమారలో పెట్టి బంధిస్తే వచ్చి విడిపించేవాడు. అకుమాకు పెకో అంటే అందుకోవాల్సిన ఎత్తు. ఒకడు హీరో రాకకోసం కూర్చున్నాడు, ఇంకొకడు హీరోను దాటిపోవాలని పరిగెత్తాడు. బంతి గాలిలో ఉండగా తెరను ముక్కలుగా చీల్చి, ఒక ముక్కలో చెయ్యి, ఇంకో ముక్కలో కన్ను, మరోదాంట్లో పాత రోజు చూపిస్తాడు యుఆసా. మ్యాచ్‌లో అర సెకను పట్టే దెబ్బకు పదేళ్ల చరిత్ర అలా పడుతుంది. మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ వస్తే ఆట ఆగిపోతుంది. ఇక్కడ ఆట నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు పిల్లల ఫోన్లన్నిటా ఉన్న 'హైక్యూ' యానిమే ఇదే సూత్రాన్ని కాస్త తియ్యగా వాడుకుంది. పొట్టి హినాటా టీవీలో 'చిన్న రాక్షసుడు' అనే వాలీబాల్ ఆటగాణ్ని చూసి ఆటలోకి వస్తాడు. తీరా జాతీయ పోటీల్లో కలిస్తే, ఆ మనిషి ఎప్పుడో ఆట మానేశాడు. హినాటా ఏమీ కుంగిపోడు. ఆరాధించినవాడు పీఠం దిగినా కథ నడవగలదని చూపడం ఈ యానిమేల ఘనత. పింగ్ పాంగ్‌లో పెకో కూడా ఓడి, తిండికి మరిగి, బ్యాటు వదిలేస్తాడు. వాణ్ని మళ్లీ ఆటలోకి లాగేది అప్పటికే ఆట పోగొట్టుకున్న అకుమా! మన పత్రికల్లో గురుశిష్యుల కథలు రాసేటప్పుడు గురువును ఎక్కించిన పీఠం నుంచి దించం. అందుకే అవి చాలావరకు సన్మానపత్రాల్లా ఉంటాయి. ఈ మాట నాకూ వర్తిస్తుంది.

మళ్లీ కోనసీమకొస్తే, అల్లవరంలో సముద్రపు గాలికి కాక్ పక్కకు కొట్టుకుపోతుంటే దాని వెంట పరిగెత్తే పిల్లలకు సాత్విక్ పక్క ఊరివాడే. వాళ్లలో ఒకరికి అతని స్మాష్ కావాలి, ఇంకొకరికి ఆ స్మాష్‌ను తిప్పికొట్టడం కావాలి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే కలిసి పింగ్ పాంగ్ చూడండి. 11 భాగాలే, ఒక ఆదివారానికి సరిపోతుంది. బొమ్మలు వంకరటింకరగా ఉన్నాయని మొదటి భాగంలోనే ఆపేయకండి.