తీన్మార్ వెనక ఎవరున్నారు?

వనపర్తిలో అయినా, గద్వాలలో అయినా, నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెలో అయినా పెళ్లి బరాత్ బయల్దేరిందంటే తీన్మార్ పడాల్సిందే. ఆ దెబ్బ చెవిన పడితే ముసలీ ముతకా కూడా భుజం కదుపుతారు. బోనాలకు అదే, వినాయక నిమజ్జనానికి అదే, ఎన్నికల్లో గెలిచినవాళ్ల ఊరేగింపుకూ అదే. ఇది మా తెలంగాణ దరువు అని గర్వంగా చెప్పుకుంటాం, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ దరువును మన వీధుల్లోకి తెచ్చినవాళ్లు ఎవరని అడిగితే మాత్రం చాలామందికి జవాబు తోచదు.

అమెరికాలో జాజ్ గురించి మాట్లాడేవాళ్లు మొదట తేల్చుకునేది ఈ సంగతే. న్యూ ఆర్లియన్స్ పాత జాజ్ బృందంలో ఒకడు చర్చిలో పాడి వచ్చినవాడు, ఇంకొకడు శవయాత్రల్లో బ్యాండు కొట్టినవాడు, మరొకడు క్రియోల్ కుటుంబంలో స్వరలిపి చూసి క్లారినెట్ నేర్చుకున్నవాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చేతికి కార్నెట్ చక్కగా పట్టుబడింది 1913లో, నల్లపిల్లల కోసం నడిచిన ఒక శిక్షణ గృహంలో, పీటర్ డేవిస్ అనే ఉపాధ్యాయుడి దగ్గర. అంతకు ముందు తరాల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు ఆదివారాలు కాంగో స్క్వేర్ మైదానంలో చేరి డోళ్లు కొట్టి ఆడేవారు. వాయించేవాడు ఏ ఇంటి నుంచి వచ్చాడో తెలిస్తే గానీ అతని వాయింపు అర్థం కాదని అక్కడివాళ్లు గట్టిగా నమ్ముతారు. తీన్మార్‌నూ అలాగే చూడాలన్నది నా పట్టుదల. ఎందుకంటే దీని వెనక కూడా ఆఫ్రికా ఉంది. ఆ ఆఫ్రికాకు, మన వనపర్తికి దగ్గరి చుట్టరికం ఉంది.

వనపర్తి సంస్థానాన్ని ఏలిన జనుంపల్లి వంశంలో మొదటి రాజా రామేశ్వరరావు 19వ శతాబ్దం మధ్యకాలం వాడు. సైన్యమంటే ఆయనకు మక్కువ. ఆ మక్కువతోనే ఆఫ్రికా మూలాలున్న హబ్షీలను తన అంగరక్షక దళంలోకి తీసుకున్నాడు. వీళ్లనే సిద్దీలంటాం. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి అరబ్బు వర్తకుల చేతుల మీదుగా, చాలామంది బానిసలుగా, దక్కనుకు చేరిన జనం. 1866లో రాజా కన్నుమూశాక ఆ దళం నిజాం కొలువుకు చేరింది. అదే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. హైదరాబాదులో మాసాబ్‌ట్యాంక్ పక్కనున్న ఏ.సి. గార్డ్స్ బస్తీ వీళ్లది. ఆ పేరులోని రెండక్షరాలను ఎయిర్ కండిషనర్‌గా అనుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పాలిటెక్నిక్ నడుస్తున్న వనపర్తి ప్యాలెస్ ముందు నుంచి రోజూ వందల మంది పిల్లలు నడిచి వెళతారు. ఈ రాజుల కొలువులో ఆఫ్రికా వీరులు ఉండేవారని వాళ్లకు ఎవరైనా ఒక్కసారి చెప్పాలి.

రెండో పాయ అరబ్బులది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్లు. పాతబస్తీ అవతల బార్కాస్ వాళ్ల చోటు. డఫ్, మర్ఫా వాద్యాలు, కత్తి పట్టి, కర్ర తిప్పి ఆడే ఆట వాళ్ల వెంట వచ్చాయి. హద్రమౌత్ తీరానికీ తూర్పు ఆఫ్రికాకూ మధ్య ఓడలు తిరిగింది నిన్నా మొన్నా కాదు. అందుకే అరబ్బు వాయింపులో అప్పటికే ఆఫ్రికా ఊపు ఉంది. హైదరాబాదులో సిద్దీలూ అరబ్బులూ ఒకే ఫౌజులో, ఒకే పండుగలో కలిసేసరికి రెండూ ఒకటయ్యాయి. అలా పుట్టిందే హైదరాబాదీ మర్ఫా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో దీనికి మంచి ఆదరణ దొరికింది.

మర్ఫా మేళంలో రాగం చెప్పే వాద్యం ఉండదు. సన్నాయి లేదు, క్లారినెట్ లేదు. అంతా కొట్టుడే. డఫ్, మర్ఫా, ఢోల్, వాటికి తోడు స్టీలు బిందె, చెక్క తాపీలు. బిందెను వాద్యం చేసుకున్న జనం వాళ్లు. వాయింపులో అసలు కిటుకు సందుల్లో ఉంటుంది. ఒకరు బరువైన దెబ్బను తప్పకుండా మోస్తూ పోతారు. ఇంకొకరు ఆ దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఖాళీలో తన దెబ్బ దించుతారు. మూడో మనిషి ఈ ఇద్దరినీ కోసుకుంటూ పోతాడు. విడివిడిగా వింటే ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తి దరువు ఉండదు. పదిమంది కలిస్తేనే అది మొత్తంగా వినపడుతుంది. ఈ మేళం కొట్టే దరువుల్లో ఒకటి తీన్మార్, ఆ పేరు కూడా మూడు దెబ్బల లెక్క మీద వచ్చిందే. దాని నడక తిశ్రం. చెయ్యి మూడుగా విరుస్తుంటే కాలు రెండుగా పడుతుంది. మూడుకూ రెండుకూ మధ్య జరిగే ఆ లాగుడే నడుమును ఊపుతుంది. ఆట రానివాళ్లు కూడా తీన్మార్‌కు ఆడగలగడం ఇందుకే. ఇది పండితులు కూర్చుని కట్టిన తాళం కాదు. నడిచే జనం కాళ్లు కట్టిన తాళం.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. నిజాం ఫౌజులు పోయాయి, కావల్రీ గార్డుల గుర్రాలూ పోయాయి, జీతాలూ పోయాయి. తాతల నాటి కొలువు పోయిన సిద్దీ కుటుంబాల్లో కొందరికి అన్నం పెట్టింది ఈ మర్ఫానే. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు మేళం కట్టారు. మతం అడ్డురాలేదు, పిలిస్తే హిందువుల పెళ్లికీ వెళ్లారు. అక్కడ ఆ దరువు మూడో ఇంటివాళ్ల చేతిలో పడింది.

ఆ మూడో ఇల్లు మాదిగలది, వాళ్ల చేతిలో ఉన్నది డప్పు. పాలమూరు పల్లెల్లో డప్పు వినపడని పని లేదు. జాతర, పెళ్లి, చావు, దండోరా, అన్నిటికీ అదే కావాలి. కొట్టినవాడికి మాత్రం శతాబ్దాల పాటు దక్కింది వెట్టి. ఊరి పెద్ద చావుకు పొద్దంతా కొట్టి గింజలో, పాత గుడ్డో తీసుకుని వెళ్లిన తరాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల విద్యను ఎవరూ విద్య అనలేదు. నేను అంటాను. చెక్క చట్రానికి చింతగింజల జిగురుతో తోలు అంటించి ఆరబెట్టడం దగ్గర నుంచీ అది విద్యే. కొట్టే ముందు ఎండుగడ్డి మంట వేసి డప్పును తిప్పి తిప్పి కాస్తారు. తోలు తగినంత బిగిసిందో లేదో వేలితో తట్టి చెవితోనే తేలుస్తారు. కొంచెం ఎక్కువ కాగితే తోలు పగులుతుంది, తక్కువైతే గొంతు లేవదు. డప్పును ఎడమ భుజానికి వేసుకుని కుడిచేత పొట్టి కర్ర పడతారు, అది చిర్ర. ఎడమచేతి వేళ్ల నడుమ సన్నటి పొడుగు పుల్ల, అది సిటికెన పుల్ల. చిర్ర నడుమ పడితే గంభీరమైన మోత. సిటికెన పుల్ల అంచు మీద ఆడితే చిటచిటలు. చావు దరువు వేరు, పెళ్లి దరువు వేరు, అమ్మవారి దరువు వేరు. ఇంట్లో తండ్రి చేతిని చూసి, మేనమామ వెనకాల నడిచి, పదేళ్లకే పిల్లవాడు ఈ తేడాలు పట్టేస్తాడు. రాత లేదు, పుస్తకం లేదు, పరీక్ష మాత్రం ప్రతి ఊరేగింపులో ఉంటుంది.

ఈ చేతిలో తీన్మార్ పడగానే రూపు మారింది. బిందె పలికిన పదును సిటికెన పుల్లకు వచ్చింది. ఢోల్ మోసిన బరువు చిర్ర మోసింది. తర్వాత బ్యాండు మేళంవాళ్లు దాన్ని తాషాల మీదికి, ట్రంపెట్ల కిందికి తెచ్చారు. ఇప్పుడు ప్యాడ్ల మీద వేలితో కొడుతున్నారు. ఇల్లు మారినా దరువు బతికింది. బతికిన మాట నిజమే గానీ వెనకటి ఇళ్ల పేర్లు మాత్రం రాలిపోయాయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర అది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు, వాటితో తయారైన ఆ వాద్యాన్ని తరతరాలుగా పట్టుకున్నది డక్కలి కుటుంబాలు. కిన్నెర సామాన్యమైనది కాదు. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో దాని వర్ణన ఉంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య ఉన్నాడు. ఆ వాద్యం మీద మొగిలయ్యగారు పండుగ సాయన్న కథ చెబుతుంటే పాలమూరు గుండె వినపడుతుంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. అయినా 2024లో ఆయన కూలి పనికి వెళ్లారన్న వార్త చదివాం. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారు బుర్రవీణ మీద తత్వాలు పాడతారు. 2024లో ఆయనకూ పద్మశ్రీ ఇచ్చారు. వీళ్ల పేర్లు మనకు తెలుసు. వీళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు ఎంతమంది అంటే వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

అంటే ఒక చోట కళ మిగిలి కళాకారుడు మరుగున పడ్డాడు. ఇంకో చోట కళాకారుడికి పేరు వచ్చినా కళకు వారసుడు కరువయ్యాడు. రెంటికీ కారణం ఒకటేనని నాకు అనిపిస్తుంది. వాయించేవాడి ఇంటిని, అక్కడ జరిగే చదువును మనం చదువుగా లెక్కపెట్టలేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఊరూరా తిరిగి సేకరించిన వాద్యాలు ‘ఆద్యకళ’ సేకరణలో ఉన్నాయి. అది ఎంతో పుణ్యమైన పని. అయితే వాద్యాన్ని అద్దాల పెట్టెలో దాచినట్టు చేతి నేర్పును దాచలేం. అది ఒక చేతి నుంచి ఇంకో చేతికి మాత్రమే వెళుతుంది, ఆ చెయ్యి పక్కన పిల్లవాడు కూర్చోవాలి, కూర్చోవాలంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి.

గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. మాఘ, కార్తీక మాసాల్లో పండితసభలు జరిపి సంస్థానం కవులకు వార్షికాలు ఇచ్చేది. ఆ గౌరవం ఆ రోజుల్లో డప్పు దాకా, కిన్నెర దాకా రాలేదు. ఇప్పుడు సంస్థానాలు లేవు, పంచాయతీలు ఉన్నాయి, బడులు ఉన్నాయి, కల్యాణ మంటపాలు ఉన్నాయి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ బడిలోనైనా శనివారం పూట ఒక డప్పు గురువును కూర్చోబెట్టి నెల జీతం ఇస్తే, కిన్నెర నేర్చుకునే పిల్లవాడికి చదువుతో పాటు ఉపకార వేతనం ఇస్తే, అది సంగీత కళాశాలకు ఏ మాత్రం తీసిపోని పని.

పెళ్లి చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బరాత్‌కు డీజే బండి మాట్లాడుకునే ముందు మీ ఊరి డప్పు మేళాన్ని అడగండి. హైదరాబాదులో పెళ్లయితే ఏ.సి. గార్డ్స్‌కో బార్కాస్‌కో వెళ్లి మర్ఫా మేళాన్ని పిలవండి. బేరం ఆడకుండా డబ్బు ఇవ్వండి, బంధువులతో పాటు బంతిలో కూర్చోబెట్టి భోజనం పెట్టండి, శుభలేఖలో మేళం పెద్ద పేరు వేయించండి.