వెనక సీట్లో కుర్రాడు

ఒక మాజీ సైనికుడు మోటారు సైకిలెక్కి అమెరికాలో సగం దేశం దాటాడనీ, దారిలో నేషనల్ పార్కులు తగిలాయనీ చెబితే మీరేం ఊహించుకుంటారు? కొండలు, సరస్సులు, ఎలుగుబంట్లు, వేడినీళ్ళ ఊటలు, పేజీలకి పేజీలు వర్ణనలు. నేనూ అవే ఉంటాయనుకుని పుస్తకం తెరిచాను. తీరా చూస్తే ఈ పెద్దమనిషికి పార్కులంటే ఒళ్ళుమంట!

రాబర్ట్ పర్సిగ్ రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్' సంగతి చెబుతున్నాను. 121 మంది ప్రచురణకర్తలు వద్దన్నాక 1974లో అచ్చయి, లక్షల్లో అమ్ముడుపోయిన పుస్తకం. పర్సిగ్ 1946లో సైన్యంలో చేరి, కొరియాలో పనిచేసి 1948లో బయటికొచ్చాడు. 1968 జూలైలో చిన్న హోండా బండి మీద మిన్నెసోటా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా 17 రోజులు చేసిన ప్రయాణమే ఇందులో కథ.

ఒంటరి ప్రయాణమా అంటే, లెక్క ప్రకారం కాదు. వెనక సీట్లో పదకొండేళ్ళ కొడుకు క్రిస్ ఉన్నాడు. సగం దూరం దాకా జాన్, సిల్వియా అనే దంపతులు మరో బండి మీద తోడొస్తారు. అయినా ఇంత ఒంటరి ప్రయాణాన్ని నేను ఇంకే పుస్తకంలోనూ చూడలేదు.

మొదట్లోనే ఓ మంచి మాట చెబుతాడు. కారులో పోయేవాడికి కిటికీ అద్దమే టెలివిజన్ తెర, లోకం ఆ చట్రంలో బొమ్మలా జారిపోతుంది; మోటారు సైకిలు మీద ఆ చట్రం ఉండదు, నువ్వూ ఆ లోకంలోనే ఉంటావు అంటాడు. నిజమే కదా అనిపిస్తుంది. తర్వాత యెల్లోస్టోన్ వస్తుంది. 1872లో ఏర్పడిన ఈ పార్కే ప్రపంచంలో మొట్టమొదటి నేషనల్ పార్కు అంటారు. పర్సిగ్ అక్కడ దాదాపు ఆగడు. చుట్టూ అసలైన కొండలుండగా ఇదేదో పెద్ద మ్యూజియంలా ఉంది, పిల్లలు పాడుచెయ్యకుండా గొలుసులు కట్టి వస్తువుల్ని చూపిస్తున్నట్టుంది అని చిరాకుపడతాడు. ఆ చిరాకు నిజానికి అతనిది కాదు, 'ఫీడ్రస్'ది.

ఈ ఫీడ్రస్ ఎవరంటే, మునుపటి పర్సిగే. బోజ్‌మన్‌లో కాలేజీ మేష్టరుగా ఉంటూ, 'నాణ్యత అంటే ఏమిటి?' అన్న ప్రశ్న పట్టుకుని, దాని వెంటపడి మతి చలించి, ఆస్పత్రిలో కరెంటు షాకులు తిన్నవాడు. షాకుల తర్వాత ఇంటికొచ్చింది మరో మనిషి. బండి నడిపేది ఈ రెండోవాడు. దారి పొడుగునా మొదటివాడి జాడలు వెతుక్కుంటూ పోతాడు. కొడుక్కి కావలసింది మొదటివాడు! ఇక్కడుంది అసలు చిక్కు.

మన దేశం ప్రస్తావనా ఒకటుంది. సైన్యం నుంచి వచ్చాక ఫీడ్రస్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివాడు. జగత్తు మిథ్య అని ప్రొఫెసరుగారు యాభయ్యోసారి చెబుతుంటే లేచి, హిరోషిమా, నాగసాకీల మీద పడ్డ బాంబులూ మిథ్యేనా అని అడిగాడు. ఆయన నవ్వి, ఔనన్నాడు. కుర్రాడు క్లాసులోంచే కాదు, దేశంలోంచే వెళ్ళిపోయాడు. అద్వైతానికి దీనికి జవాబు లేకపోలేదు. కాని ఆ బాంబులు పడ్డ మరుసటి ఏడే సైన్యంలో చేరినవాడికి నవ్వుతో జవాబు చెబితే ఎలా?

పుస్తకంలో విసుగు పుట్టించే భాగాలు లేవని నేననను. సగానికి పైగా ఉపన్యాసాలే. మన పురాణ కాలక్షేపంలాగా ఆ దేశంలో 'షటాక్వా' అని ఊరూరా తిరిగే ఉపన్యాసాలుండేవట, తనవీ అవేనంటాడు. అరిస్టాటిల్ మీదికి వెళ్ళినప్పుడు నేను పేజీలు తిప్పేశాను, మీరూ తిప్పేయొచ్చు. స్పానర్లు, స్పార్కు ప్లగ్గుల దగ్గరకొస్తే మాత్రం కళ్ళు తిప్పనివ్వడు. జాన్ బండి హ్యాండిలు వదులైతే, బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో దూర్చుదాం అంటాడు. ఖరీదైన బి.ఎం.డబ్ల్యు.కి డబ్బా రేకా అని జాన్ మొహం మాడ్చుకుంటాడు. మన ఊళ్ళో ఏ సైకిలు షాపు కుర్రాడైనా అడక్కుండానే ఆ పని చేసిపెట్టేవాడు!

ఆ తర్వాత ఆరెగాన్‌లో క్రేటర్ లేక్ వస్తుంది. అగ్నిపర్వతం కూలిన గుంటలో నిలిచిన నీళ్ళు, 1,943 అడుగుల లోతు, ఆ దేశంలో అంత లోతైన సరస్సు మరోటి లేదు. ఇక్కడికెందుకొచ్చాం అని క్రిస్ అడుగుతాడు. సరస్సు చూడ్డానికి అంటాడు తండ్రి. అందులోని అబద్ధం పిల్లాడికి తెలిసిపోతుంది. ఇదిగో అందం, చూడండి అని వేలెత్తి చూపితే అందం పారిపోతుందని తండ్రి మనసులో అనుకుంటాడు. బాగానే ఉంది, మరి వెనక సీటు మాటేమిటి? చట్రాలు వద్దు, గొలుసులు వద్దు అన్నవాడు కొడుకుతో పొడిపొడి మాటలే మాట్లాడతాడు. వాడికి కడుపునొప్పి వస్తే డాక్టర్లు ఒకప్పుడు చెప్పిన రోగం పేరు తల్చుకుంటాడు. ఇన్ని రోజులూ ఆ పిల్లాడికి కనపడింది తండ్రి వీపు.

స్కూటరు మీద మన పిల్లలు నాన్న ముందు నించుని, రోడ్డు ఆయనకంటే ముందే చూస్తారు. క్రిస్‌కి ఆ భాగ్యం లేదు.

ఆస్పత్రిలో అద్దాల తలుపు వెనక తండ్రిని చూసిన జ్ఞాపకం వాడిది. తలుపెందుకు తియ్యలేదని అన్నేళ్ళకి, సముద్రం ఒడ్డున, ఏడుస్తూ అడుగుతాడు. తియ్యనివ్వలేదురా అంటాడు తండ్రి. నిజంగా నీకు పిచ్చా అంటే, కాదంటాడు. తనకి ముందే తెలుసంటాడు కొడుకు. ఆ రెండు పేజీలకోసం అరిస్టాటిల్‌ని క్షమించవచ్చు. ఆ తర్వాత ఇద్దరూ హెల్మెట్లు తీసేస్తారు. క్రిస్ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడతాడు, మొదటిసారి తండ్రి భుజాల పైనుంచి దారి చూస్తాడు.

పర్సిగ్ 2017లో పోయాడు. మ్యూజియమంటే అంత చిరాకుపడ్డవాడి హోండా బండి ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. క్రిస్ 1979లో, ఇరవై రెండేళ్ళ వయసులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో దుండగుల చేతిలో చనిపోయాడు. 1984 నుంచి వచ్చిన ముద్రణల్లో దాని గురించి తండ్రి రాసిన వెనకమాట ఉంటుంది. కొనుక్కునేవాళ్ళు అది ముందు చదవకండి.