దయ్యమా, వ్యాధియా? – పాల్ ట్రెంబ్లే నవలపై ఒక కాపరి పరిశీలన

భయానక నవలలు సేవకులు చదువదగినవి కావని మనలో అనేకుల అభిప్రాయము. అయితే అమెరికా రచయిత పాల్ ట్రెంబ్లే 2015లో ప్రచురించిన 'ఎ హెడ్ ఫుల్ ఆఫ్ గోస్ట్స్' అను నవలను విమోచన పరిచర్య చేయు ప్రతి కాపరియు చదువుట మేలని మేము తలంచుచున్నాము. భయానక సాహిత్యమునకిచ్చు బ్రామ్ స్టోకర్ పురస్కారము దీనికి లభించినది. మేము దీనిని సిఫారసు చేయుటకు కారణము మాత్రము పురస్కారము కాదు, ఇది మన ముందుంచు ప్రశ్న.

కథ మసాచుసెట్స్ రాష్ట్రములోని బెవర్లీ పట్టణములో జరుగును. బారెట్ దంపతులకు ఇద్దరు కుమార్తెలు: పదునాలుగేండ్ల మార్జరీ, ఎనిమిదేండ్ల మెర్రీ. మార్జరీ ప్రవర్తన క్రమముగా మారిపోవును. వైద్యము చేయించిరి గాని కుదుటపడలేదు. ఉద్యోగము పోగొట్టుకొనిన తండ్రి కొత్తగా భక్తిలోనికి వచ్చి, ఫాదర్ వాండర్లీ అను కతోలిక గురువును ఆశ్రయించును. తల్లికి నమ్మకము లేదు, కాని అప్పులున్నవి. చివరకు టెలివిజన్ సంస్థవారు సొమ్మిచ్చి, కెమెరాలతో ఇంటిలో ప్రవేశింతురు. దయ్యమును వెళ్లగొట్టు ప్రార్థన దేశమంతయు చూచు కార్యక్రమమైపోవును.

ఇదంతయు పదునైదేండ్ల తరువాత మెర్రీ ఒక రచయిత్రికి చెప్పుచున్నది. బాల్యపు జ్ఞాపకము, తెరపై చూపిన దృశ్యము, ఇతరుల వ్యాఖ్యానము ఆమె మనస్సులో కలిసిపోయినవి. ఆమెకు పట్టినది దయ్యమా, మానసిక వ్యాధియా, లేక ఇంటి కష్టము గట్టెక్కించుటకు ఆడిన నాటకమా అని రచయిత తేల్చి చెప్పడు. 1971లో వెలువడిన బ్లాటీ నవల 'ది ఎక్సార్సిస్ట్'లో దుష్టశక్తి ఉనికిని గూర్చి పాఠకునికి చివరకు సందేహము మిగులదు. ఇక్కడ సందేహమే మిగులును, భయమంతయు దానిలోనుండియే పుట్టును.

వేదాంత దృష్టితో చూచినప్పుడు మమ్మును కదిలించినది ఒక విషయము. అందరును మార్జరీని గూర్చి మాటలాడుదురు గాని, ఆమెతో మాటలాడువారు తక్కువ. మార్కు 9వ అధ్యాయములో ప్రభువు మొదట చేసినది గద్దింపు కాదు. ఈ బాధ ఎంతకాలమునుండి ఉన్నదని ఆయన తండ్రిని అడిగెను. జనులు గుంపుగా పరుగెత్తుకొని వచ్చుట చూచినప్పుడు, వేడుక పెరుగనీయక, వెంటనే కార్యము ముగించెను. యాయీరు ఇంట తలిదండ్రులను, తన ముగ్గురు శిష్యులను తప్ప అందరిని బయటికి పంపి, చిన్నది లేచిన తరువాత ఆమెకు ఆహారము పెట్టుమనెను. బారెట్ ఇంటిలో దీనికి పూర్తిగా విరోధమైనది జరిగెను: గుంపును కెమెరాల ద్వారా లోపలికి పిలిచిరి. ముగింపు చెప్పక తప్పదు. తండ్రి అందరిని చంపబోవుచున్నాడని అక్క నమ్మించగా, చెల్లెలు తానేమి చేయుచున్నదో ఎరుగక భోజనములో విషము కలుపును. తలిదండ్రులును అక్కయు మరణింతురు.

నవలలో లోపము లేకపోలేదు. ఇందులో ప్రార్థన ఒక ఆయుధముగానే కనబడును. ఆదరణగా ఎక్కడను కనబడదు. ఫాదర్ వాండర్లీ వ్యక్తిత్వము పలుచనైనది, ఆయన మనస్సులోని పోరాటము మనకు తెలియదు. ఆ కుటుంబమునకు తోడుగా నిలిచి, అన్నము తెచ్చి, రాత్రి కూర్చుండు సంఘము లేదు. రచయిత విశ్వాసియై వ్రాయలేదు గనుక ఇది ఊహింపదగినదే. అయినను ఆ లోటు మనలను గద్దించవలెను.

ఇది కేవలము కల్పన అని త్రోసివేయలేము. జర్మనీలో మూర్ఛరోగమునకు చికిత్స పొందిన అన్నెలీసె మిషెల్ అను యువతికి 67 మార్లు దయ్యములను వెళ్లగొట్టు కర్మ జరిపిరి. 1976లో ఆమె పోషకాహార లోపముతో మరణించెను. 1978లో ఆమె తలిదండ్రులకును ఇద్దరు గురువులకును న్యాయస్థానము శిక్ష విధించెను. బిషప్పు ప్రత్యేక అనుమతి లేనిదే ఈ కార్యము చేయరాదని కతోలికుల సంఘచట్టములో నియమమున్నది. మన స్వతంత్ర సంఘములలో అనేకచోట్ల అట్టి కంచె లేదు.

మన తెలుగు పాఠకులకు 'తులసిదళం' నాటినుండి చిన్నపిల్లపై చేతబడి కథ పరిచితమే. ఉపవాస కూడికకు జుట్టు విరబోసికొని వచ్చిన పిల్లయు మనకు పరిచితమే. ఆమె కేకలు నేడు సెల్‌ఫోనులో చిత్రీకరింపబడి ఊరూరికి చేరును. ఆమెకు రేపు పెండ్లి కావలెను, బడికి వెళ్లవలెను.

అపవాది లేడని మేము చెప్పుట లేదు. లేఖనము అట్లు చెప్పదు. వైద్యుని యొద్దకు పంపుట అవిశ్వాసము కాదనియు, కెమెరా ఆపుట పరిచర్యలో భాగమనియు మాత్రమే చెప్పుచున్నాము. పిల్లను ఎవరైన మన యొద్దకు తెచ్చినప్పుడు, చేయి ఎత్తకముందు, ఎంతకాలమునుండి అని అడుగుదము. ఆ తరువాత ఆమె భోజనము చేసినదా అని కూడ అడుగుదము.